శిక్షణ తరగతులు అయ్యాయి, అగ్రిమెంట్లు మాత్రం మారలేదు

ప్రశ్న: మా కంపెనీలో కొనుగోళ్ళ అగ్రిమెంట్లు, సర్వీసు అగ్రిమెంట్లు రాసే బృందాన్ని నేను చూసుకుంటాను. ఆరుగురున్నారు. ముగ్గురు లా చదివినవాళ్ళు, ముగ్గురు పర్చేజ్ విభాగం నుంచి వచ్చినవాళ్ళు. సంతకాలయ్యాక "ఈ క్లాజుకు అర్థమేమిటి" అని అడుగుతూ మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. బిల్లు ఎప్పటిలోగా కట్టాలి, అగ్రిమెంట్ ముగిసినట్టా ఇంకా నడుస్తున్నట్టా అన్నవాటి మీదే తగాదాలెక్కువ. సులభ భాషలో రాయడం గురించి రెండు రోజుల శిక్షణ ఇప్పించాం. నెల తిరిగేసరికి మళ్ళీ పాత రాతే. మా లాయర్లేమో, పాత మాటలు కోర్టుల్లో నిలిచినవి, వాటి జోలికి పోవద్దంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇప్పటికే సంతకాలైనవాటిని ఏం చేయాలి?

సమాధానం: మీ బృందానికి నేర్చుకునే శక్తి లేదనుకోకండి. తరగతి ముగిసిన మర్నాడు వాళ్ళు చేసే పనేమిటో చూడండి. కిందటిసారి సంతకమైన అగ్రిమెంట్ ఫైలు తెరుస్తారు, పేర్లు, తేదీలు, ధరలు మారుస్తారు, పంపేస్తారు. ఆ ఫైల్లో ఏ వాక్యముందో అదే మళ్ళీ బయటికి పోతుంది. సాయంత్రంలోగా డ్రాఫ్ట్ పంపాల్సిన మనిషి తరగతిలో విన్నది గుర్తు తెచ్చుకుని ప్రతి వాక్యం తిరగరాయడం జరగని పని. అలా రాయాలని ఆశించడం న్యాయమూ కాదు. కాబట్టి శిక్షణ ఒక పని, టెంప్లేట్లు (ప్రతిసారీ తెరిచి వాడే నమూనా అగ్రిమెంట్లు) బాగుచేయడం ఇంకో పని అని విడదీయకండి. మీ టెంప్లేట్లను క్లాజు తర్వాత క్లాజుగా తిరగరాయడమే మీ శిక్షణ కావాలి. మూడు నెలల్లో మనుషులకు పని పట్టుబడుతుంది, వాళ్ళు తెరిచే ఫైలూ మారుతుంది.

"సులభ భాష" అన్న పేరు మీ వాళ్ళను కొంత పక్కదారి పట్టించి ఉండవచ్చు. కష్టమైన పదాలు తీసి తేలిక పదాలు పెడితే సరిపోతుందనిపిస్తుంది ఆ పేరు వింటే. తగాదాలు తెచ్చే క్లాజుల్లో చాలావరకు పదాలు కష్టమైనవేమీ కావు. రాసిన రోజున ఏదో ఒక విషయం ఎవరూ తేల్చకుండా వదిలేసి ఉంటారు, ఆ ఖాళీ కనపడకుండా వాక్యం కప్పేసి ఉంటుంది. ఇలాంటి క్లాజు మీ టెంప్లేట్లోనూ ఉండే ఉంటుంది:

"సరుకు అందజేయబడిన పిదప, సంతృప్తికరముగా ఉన్నచో, ముప్పది (30) దినములలోగా తగు మొత్తము చెల్లించబడవలెను."

దీన్ని వాడుక భాషలోకి మారిస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, తగాదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందడమంటే గేటు దాటడమా, తనిఖీ ముగియడమా? సంతృప్తి ఎవరిది, దేన్నిబట్టి? కొనుగోలుదారు నెలరోజులు నోరు మెదపకపోతే సరుకు నచ్చినట్టా, నచ్చనట్టా? ముప్పై రోజులు ఎప్పటి నుంచి? ఇన్‌వాయిస్ రాకపోయినా గడువు నడుస్తుందా? పది పెట్టెల్లో ఒకటి పాడైతే మొత్తం బిల్లు ఆపేయవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది డ్రాఫ్ట్ రాసే మనిషి కాదు, పర్చేజ్, అకౌంట్స్ విభాగాలవాళ్ళు. ప్రశ్నలు ఉన్నాయని కనిపెట్టడం, వెళ్ళి అడగడం, వచ్చిన జవాబును కాగితం మీద పెట్టడం రాసే మనిషి పని. అలా అడిగి రాస్తే ఆ ఒక్క వాక్యం ఇలా తయారవుతుంది:

"4.1 సరుకు కొనుగోలుదారు గోదాముకు చేరిన 5 పనిదినాల్లో కొనుగోలుదారు దాన్ని షెడ్యూల్ 2లోని పరీక్షల ప్రకారం తనిఖీ చేసి, ఆమోదించిందీ లేనిదీ అమ్మకందారుకు రాతపూర్వకంగా తెలపాలి.
4.2 కొనుగోలుదారు ఆ గడువులో ఏమీ తెలపకపోతే సరుకు ఆమోదం పొందినట్టే లెక్క.
4.3 సరుకు ఆమోదం పొందాక అమ్మకందారు ఇన్‌వాయిస్ పంపాలి. ఇన్‌వాయిస్ అందిన 30 రోజుల్లో కొనుగోలుదారు అందులోని మొత్తాన్ని చెల్లించాలి.
4.4 ఇన్‌వాయిస్‌లో కొంత మొత్తం మీద అభ్యంతరముంటే, కొనుగోలుదారు ఇన్‌వాయిస్ అందిన 10 రోజుల్లో కారణాలు రాసి అమ్మకందారుకు తెలపాలి. అభ్యంతరం లేని మొత్తాన్ని 4.3లోని గడువులోనే చెల్లించాలి."

ఒక వాక్యం నాలుగు క్లాజులైంది. బాగుచేసిన అగ్రిమెంట్ కొన్నిచోట్ల పెరుగుతుంది, అది తప్పు కాదు. పేజీలు ఎన్ని తగ్గాయన్నదాన్ని మీ పైవాళ్ళు కొలతగా పెట్టకుండా ఇప్పుడే మాట్లాడుకోండి. 4.2 సంగతి కూడా గమనించండి. అది అమ్మకందారుకు అనుకూలమైన ఏర్పాటు. మీ కంపెనీయే కొనుగోలుదారైతే మౌనాన్ని ఆమోదంగా లెక్కించడం మీకు నష్టం కావచ్చు, అప్పుడు దాన్ని తిప్పి రాసుకోవాలి. ఎటు రాసినా ఎవరో ఒకరు కావాలని నిర్ణయించినదై ఉండాలి.

ఇక రాత నియమాలు. రెండు పేజీలు మించకుండా రాసుకోండి. నలభై పేజీల మార్గదర్శకం ఎవరూ తెరవరు. అందులో మొదట ఉండాల్సింది క్రియాపదాల సంగతి, ఎందుకంటే అగ్రిమెంట్లో ప్రతి వాక్యం ఏదో ఒక పని చేస్తుంది. ఒక పార్టీ మీద బాధ్యత పెడుతుంది, లేదా వీలు కల్పిస్తుంది, లేదా నిషేధిస్తుంది, లేదా అగ్రిమెంట్ ఎలా నడుస్తుందో చెప్పే నియమం అవుతుంది. తెలుగులో రాసేటప్పుడు బాధ్యతకు "చేయాలి", వీలుకు "చేయవచ్చు", నిషేధానికి "చేయకూడదు", నియమానికి "వర్తిస్తుంది, ముగుస్తుంది" లాంటి మామూలు క్రియ అని ఖాయం చేసుకోండి. "చేయవలసియున్నది", "చేయబడును", "చేయుటకు అంగీకరించడమైనది" అన్నీ తీసేయండి. "చేయబడును" అంటే బాధ్యతా, జరగబోయేదాని గురించి సమాచారమా? ఎవరు చేస్తారు? రెండూ తెలియవు.

ఇంగ్లిష్‌లో రాసే అగ్రిమెంట్లకు ఇదే సమస్య "షల్" రూపంలో వస్తుంది. దాన్ని బాధ్యతకూ, భవిష్యత్తుకూ, నిర్వచనాలకూ, షరతులకూ అన్నిటికీ చల్లేస్తారు. కర్త స్థానంలో ఒక పార్టీ ఉండి, ఆ పార్టీ మీద బాధ్యత పెడుతున్నప్పుడే "షల్" వాడాలని నియమం పెట్టండి. లేదా దాన్ని పూర్తిగా మానేసి "మస్ట్" వాడండి. రెండిట్లో ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, రెండూ కలిపి మాత్రం వాడకూడదు. పరీక్ష తేలిక. ఆ మాట తీసి "ఫలానా పార్టీకి ఈ బాధ్యత ఉంది" అని పెట్టి చదవండి. "ఈ అగ్రిమెంట్‌కు ముగిసే బాధ్యత ఉంది" అని వస్తే అక్కడ "షల్" పనికిరాదు. "మే నాట్" కూడా వదిలేయండి. చేయకూడదనీ చదవవచ్చు, చేయకపోవచ్చనీ చదవవచ్చు.

తెలుగు డ్రాఫ్టుల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి రెండున్నాయి. మన వాక్యానికి కర్త లేకపోయినా నడిచిపోతుంది. "వారం రోజుల్లో మరమ్మతు చేయించాలి" అన్నది మాటల్లో చక్కగా అర్థమవుతుంది, ఎదుటి మనిషి ఎవరో తెలుసు గనుక. అగ్రిమెంట్లో చేయించాల్సింది ఎవరు, ఖర్చు ఎవరిది అన్నది మిగిలిపోతుంది. అందుకే బాధ్యత చెప్పే ప్రతి వాక్యంలో కర్తను రాయాలి, చెవికి కాస్త మొరటుగా ఉన్నా సరే. రెండోది, నామవాచకం ముందు వచ్చే విశేషణం ఎంతవరకు పాకుతుందన్నది. "అమ్మకందారు ఆమోదించిన యంత్రాలు, విడిభాగాలు, నూనెలు" అంటే ఆమోదం యంత్రాలకేనా, మూడింటికీనా? "అమ్మకందారు ఆమోదించిన (ఎ) యంత్రాలు, (బి) విడిభాగాలు, (సి) నూనెలు" అని విడగొడితే తేలిపోతుంది. యంత్రాలకే అయితే ఆ విశేషణమున్న వస్తువును జాబితా చివరికి పంపండి: "విడిభాగాలు, నూనెలు, అమ్మకందారు ఆమోదించిన యంత్రాలు".

గడువుల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి, మీ తగాదాలు అక్కడే ఉన్నాయి. అగ్రిమెంట్ కొనసాగింపు మీద కెనడాలో నడిచిన వివాదం మీ బృందం మొత్తం చదవాల్సినది. రోజర్స్ అనే కేబుల్ కంపెనీ, ఆలియంట్ అనే టెలికాం కంపెనీ 2002లో కేబుల్ తీగలు వేసే స్తంభాల వాడకం గురించి చేసుకున్న ఒప్పందం అది. ఒప్పందం ఐదేళ్ళు అమల్లో ఉంటుందని, తర్వాత మళ్ళీ ఐదేళ్ళ చొప్పున సాగుతుందని, ఏ పార్టీ అయినా ఏడాది ముందు రాతపూర్వక నోటీసిచ్చి రద్దు చేస్తే తప్ప అని, అన్నీ కలిపి ఒకే వాక్యంలో రాశారు. నోటీసు మాటకు ముందు ఒక కామా ఉంది. ఆ కామా వల్ల నోటీసు హక్కు మొదటి ఐదేళ్ళకూ వర్తిస్తుందని, మధ్యలోనే రద్దు చేయవచ్చని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ 2006లో తేల్చింది. 2007లో ఫ్రెంచి ప్రతిని కూడా చూసి ఆ నిర్ణయాన్ని తిప్పేసింది. కామాలు సరిగ్గా పెట్టడం నేర్చుకోవాలని దీన్నుంచి పాఠం తీస్తుంటారు. మా అభిప్రాయంలో తప్పు కామాది కాదు. మూడు వేర్వేరు నియమాలను ఒకే వాక్యంలో కుక్కడమే తప్పు. విడగొట్టి రాస్తే విరామ చిహ్నం మీద ఏదీ ఆధారపడదు:

"2.1 మొదటి గడువు 2027 ఏప్రిల్ 1న మొదలై 2032 మార్చి 31న ముగుస్తుంది. ఆ రెండు తేదీలూ గడువులో భాగమే.
2.2 ఏ గడువు ముగిసినా ఒప్పందం మరో ఐదేళ్ళ గడువుకు కొనసాగుతుంది, 2.3 ప్రకారం నోటీసు అందితే తప్ప.
2.3 కొనసాగింపు వద్దనుకునే పార్టీ ఆ సంగతి తెలిపే నోటీసు, నడుస్తున్న గడువు చివరి తేదీకి కనీసం 12 నెలల ముందు రెండో పార్టీకి అందేలా పంపాలి.
2.4 2.3 కింద ఇచ్చిన నోటీసు వల్ల నడుస్తున్న గడువు మధ్యలో ఒప్పందం ముగియదు."

రోజుల లెక్కకు ఒక క్లాజు పెట్టి అన్ని టెంప్లేట్లలో అదే వాడండి. నోటీసు అందిన రోజును లెక్కలో వేయాలా, మర్నాటి నుంచి లెక్కించాలా? చివరి రోజు సెలవైతే గడువు తర్వాతి పనిదినానికి జరుగుతుందా? పనిదినం అంటే ఎవరి ఊరి పనిదినం? జనవరి 31 నుంచి ఒక నెల అంటే ఎప్పటికి? "మార్చి 31 వరకు" అంటే 31 కలిసినట్టా కాదా? ఇలాంటివన్నీ ఒక్కసారి తేల్చేస్తే ప్రతి క్లాజులో మళ్ళీ తన్నుకోవక్కర్లేదు. తేదీ రాయగలిగినచోట కాలవ్యవధి రాయకండి, తేదీయే రాయండి. వేరే దేశాలవాళ్ళతో అగ్రిమెంట్ అయితే గంట, ఏ ప్రాంతపు సమయమో కూడా రాయండి.

డబ్బు లెక్కలుంటే సూత్రం రాసి, పక్కనే ఒక ఉదాహరణ లెక్కకట్టి చూపించండి. "ఆలస్య రుసుము = చెల్లించని మొత్తం × 0.05 శాతం × ఆలస్యమైన రోజులు. ఉదాహరణకు 1,00,000 చెల్లింపు 12 రోజులు ఆలస్యమైతే రుసుము 600." ఈ రెండో వాక్యం వాదనలను ఆపుతుంది. లెక్క కట్టి చూపించబోతే, రాసేవాళ్ళకే సూత్రంలో లోపం బయటపడుతుంది కూడా. చెల్లించిన రోజు కలుస్తుందా, రుసుముకు గరిష్ఠ పరిమితి ఉందా అన్నవి అప్పుడే గుర్తొస్తాయి. ఒకే అంకెను అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాసే అలవాటు మానేయమని మా సలహా. టెంప్లేట్ మార్చేటప్పుడు ఒకటి మారి ఇంకోటి మిగిలిపోతుంది.

నిర్వచనాలు. ఒకసారే వాడే మాటకు నిర్వచనం అక్కర్లేదు. నిర్వచనంలో బాధ్యతలు దాచకూడదు. "సేవలు అంటే అమ్మకందారు ప్రతి వారం నివేదికతో సహా అందించాల్సినవి" అని రాస్తే నివేదిక బాధ్యత అక్కడుందని ఎవరూ చూడరు. ఒక వస్తువుకు ఒకే పేరు. "సరుకు" అని మొదలుపెట్టి, మధ్యలో "ఉత్పత్తులు", చివర "వస్తువులు" అంటే, మూడూ వేరని వాదించడానికి దారి ఇచ్చినట్టే. బడిలో ఒకే మాట పదేపదే వాడొద్దని నేర్చుకున్నవాళ్ళకు ఈ అలవాటు పోవడం కష్టం, ఓపిగ్గా దిద్దండి.

మామూలు మాటే గదా, దీనికి నిర్వచనమెందుకు అనిపించేచోట జాగ్రత్తపడాలి. 1960లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ తేల్చాల్సి వచ్చిన ప్రశ్న, "చికెన్ అంటే ఏమిటి" అన్నది. స్విట్జర్లాండ్ కొనుగోలుదారు లేత కోళ్ళు వస్తాయనుకున్నాడు. అమెరికా అమ్మకందారు ముదురు కోళ్ళు పంపాడు. ఒప్పందంలో గ్రేడు, బరువు, ధర అన్నీ ఉన్నాయి, ఎలాంటి కోడి అన్నది లేదు. తను అనుకున్న ఇరుకైన అర్థమే ఒప్పందంలోని అర్థమని కొనుగోలుదారు రుజువు చేయలేక ఓడిపోయాడు. పేరు పెట్టి గుర్తుపట్టినా ఒక్కోసారి చాలదు. 1864 నాటి ఇంగ్లండు కేసులో బొంబాయి నుంచి "పీర్‌లెస్" ఓడలో వచ్చే పత్తి కొంటామని ఒప్పందమైంది. ఆ పేరుతో రెండు ఓడలున్నాయి. ఒకటి అక్టోబరులో బయల్దేరింది, ఇంకోటి డిసెంబరులో. ఒక్కొక్కరూ ఒక్కో ఓడను అనుకున్నారు, కొనుగోలుదారు సరుకు తీసుకోనక్కర్లేకపోయింది. మీ అగ్రిమెంట్లలో సాఫ్ట్‌వేర్ వెర్షన్, డ్రాయింగ్ రివిజన్ నంబరు, యంత్రం సీరియల్ నంబరు రాయాల్సినచోట ఉత్త పేరు రాసి వదిలేశారేమో వెతకండి.

అన్నీ బిగించి రాయాలని కూడా అనుకోవద్దు. "సహేతుకమైన సమయంలో", "తగిన జాగ్రత్తతో" లాంటి వదులు మాటలకు చోటుంది. ముందుగా ఊహించలేని పరిస్థితులను అంకెలతో కట్టేస్తే ఆ అంకే తర్వాత అన్యాయం చేస్తుంది. కావాలని వదులుగా ఉంచితే టెంప్లేట్ నోట్‌లో కారణం రాసి పెట్టండి. వీలైతే సహేతుకమా కాదా అని చూసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన రెండు మూడు అంశాలు క్లాజులోనే చెప్పండి.

మీ లాయర్ల మాటకు వద్దాం. వాళ్ళ భయంలో సగం నిజముంది. "ఇండెమ్నిటీ" (ఎదుటివాళ్ళ నష్టం భరిస్తామన్న హామీ), "జాయింట్ అండ్ సెవరల్" (బాధ్యత అందరిదీ కలిపీ, ఒక్కొక్కరిదీ విడిగానూ), "వితౌట్ ప్రెజుడిస్" (మన హక్కులు వదులుకోకుండా), "టైమ్ ఈజ్ ఆఫ్ ది ఎసెన్స్" (గడువు తప్పకూడనిది) లాంటి మాటలకు చాలా న్యాయవ్యవస్థల్లో స్థిరపడిన ఫలితాలున్నాయి. వాటిని ఇంపైన మాటలతో మారిస్తే ఆ ఫలితం పోవచ్చు. ఆ ఒప్పందానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో ఆ చట్టం తెలిసిన లాయరుతో కూర్చుని, ముట్టుకోకూడని మాటల జాబితా రాయించండి. ఒక్కో మాట ఎదురుగా కారణం ఒక వాక్యంలో ఉండాలి. కారణం రాయలేని మాట జాబితాలో ఉండకూడదు. ఇలా పెడితే జాబితా మీరనుకున్నదానికంటే చిన్నదవుతుంది. "ఇందుమూలముగా", "పైన పేర్కొనబడిన సదరు", "వాయిడ్" (చెల్లనిది) అంటే చాలేచోట "నల్ అండ్ వాయిడ్" లాంటివి అందులో చేరవు, వాటికి ప్రత్యేక ఫలితమేమీ లేదు. ఇంకో సంగతి కూడా వాళ్ళతో మాట్లాడండి. ఒక వాక్యం అర్థం కోసం కోర్టుకు ఎక్కిందంటే, ఇద్దరు దాన్ని రెండు రకాలుగా చదివారన్నమాట. ఆ కోర్టు ఆ ఒప్పందంలో, ఆ వాస్తవాల మీద ఒక అర్థం చెప్పింది. మీ ఒప్పందంలో మిగతా క్లాజులు వేరు. అర్థం రెండు విధాలుగా ఉన్నప్పుడు క్లాజు రాసినవాళ్ళకు వ్యతిరేకంగా చదివే సూత్రం చాలాచోట్ల ఉంది, టెంప్లేట్ మీదైతే ఆ బరువు మీ మీదే పడుతుంది. "ఈ అగ్రిమెంట్లో ఏమున్నప్పటికీ" అనే మాటను వాళ్ళతోనే వెతికించండి. మూడు క్లాజుల్లో ఉంటే మూడూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. "క్లాజు 9.2లో ఏమున్నప్పటికీ" అని క్లాజు నంబరు ఇస్తేనే దానికి విలువ.

చాలామంది వదిలేసే చోటు షెడ్యూళ్ళు. లాయర్లు ముందు ముప్పై పేజీలు చూస్తారు, వెనక అతికించిన పని వివరాలను ఇంజనీర్లు రాస్తారు, వాటిని ఎవరూ డ్రాఫ్టులా చదవరు. అసలు ఏమి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఏ పరీక్ష నెగ్గితే ఇచ్చినట్టు అన్నది అక్కడే ఉంటుంది. "పూర్తి సపోర్టు ఇస్తాం", "పరిశ్రమలో ఉత్తమ పద్ధతుల ప్రకారం", "అవసరమైన ఇంటిగ్రేషన్లతో సహా" లాంటివి అక్కడ దొరుకుతాయి. షెడ్యూలుకూ ఒక టెంప్లేట్ చేయండి. అందించాల్సిన వస్తువు లేదా సేవ, పరిమాణం, తేదీ, అవతలివాళ్ళు ముందుగా సమకూర్చాల్సినవి, ఆమోద పరీక్ష, ఆమోదించే మనిషి హోదా, పరీక్ష తప్పితే మళ్ళీ ఎన్నిసార్లు అవకాశం, ఈ ధరలో రానివి అని గళ్ళు పెట్టండి. ఖాళీ గడి ఖాళీగా కనపడుతుంది, పేరాలో అయితే కనపడదు. షెడ్యూలుకూ ముందు భాగానికీ పొంతన కుదరకపోతే ఏది నిలుస్తుందో ఒక క్లాజు ఉండాలి. పర్చేజ్ నుంచి వచ్చిన మీ ముగ్గురూ ఈ పనికి లా చదివినవాళ్ళ కంటే పనికొస్తారు. సరుకు ఎక్కడ ఆగిపోతుందో, బిల్లు ఎందుకు వెనక్కి వస్తుందో వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు శిక్షణ ఎలా నడపాలో చెబుతాం. మీరు ఎక్కువగా వాడే టెంప్లేట్ ఒక్కటి తీసుకోండి. దానితో సంతకమైన అగ్రిమెంట్ల మీద వచ్చిన మెయిళ్ళు పోగుచేసి, ఏ క్లాజు మీద ఎన్ని ప్రశ్నలొచ్చాయో లెక్కపెట్టండి. ఆ లెక్కే మీ పాఠాల క్రమం. వారానికి ఒక గంటన్నర, పన్నెండు వారాలు. మొదటి రోజే ఒక పేజీ క్లాజుల్లో పదిహేను లోపాలు పెట్టి, ఎన్ని పట్టుకుంటారో చూడండి. చివరి వారం వేరే పేజీతో మళ్ళీ పెట్టండి.

మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ రాయకూడదు. పాత అగ్రిమెంట్ అచ్చు తీసి, బాధ్యతలకు ఒక రంగు, వీలుకు ఒకటి, నిషేధానికి ఒకటి, నియమానికి ఒకటి గీయించండి. ఏ రంగు వేయాలో తెలియని వాక్యాలు పక్కకు తీయండి. బాగుచేయాల్సినవి ముందుగా అవే. మూడో వారం నుంచి వారానికొక క్లాజు. లా నుంచి ఒకరు, పర్చేజ్ నుంచి ఒకరు జంటగా, మూడు జంటలూ అదే క్లాజును విడివిడిగా తిరగరాయాలి. తరగతిలో డ్రాఫ్టులు మార్చుకుని, ఎదుటి జంట రాసినదాన్ని ఆ ఒప్పందం నుంచి తప్పించుకోవాలనుకునే పార్టీలా చదవాలి. డబ్బు కట్టకుండా, సరుకు ఇవ్వకుండా ఎలా బయటపడవచ్చో వెతకాలి. స్పష్టత గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రానిది ఈ ఒక్క అభ్యాసంతో వస్తుంది, దీన్ని ఏ వారమూ మానకండి.

దిద్దే పద్ధతి ముఖ్యం. సీనియర్లు డ్రాఫ్ట్ చేతిలోకి రాగానే తామే తిరగరాసేస్తారు. పని అయిపోతుంది, జూనియరుకు ఏమీ రాదు. తిరగరాయకుండా మార్జిన్‌లో గుర్తు మాత్రం పెట్టండి. కర్త లేకపోతే "క", గడువు తేలకపోతే "గ", రెండర్థాలుంటే "రె", మాట మారిపోతే "మా", తప్పితే ఏమవుతుందో లేకపోతే "త". రాసినవాళ్ళే సరిచేసి తెస్తారు. గుర్తులను ఒక షీటులో ఎక్కించండి. "గ" పదిసార్లు కనపడితే వచ్చే వారం పాఠం గడువులే.

క్లాజు ఖరారు చేసేముందు, దాన్ని వాడే మనిషికి చూపించండి. గోదాము మేనేజరు, అకౌంట్స్‌లో బిల్లులు చూసేవాళ్ళు, ప్రాజెక్ట్ మేనేజరు. "అర్థమైందా" అని అడక్కండి, అందరూ అయిందనే అంటారు. "శుక్రవారం వచ్చిన సరుకులో మూడు పెట్టెలు తడిసి ఉన్నాయి, ఏ రోజులోగా ఎవరికి ఏం పంపాలి" లాంటి ప్రశ్నలు ఐదు ఇచ్చి, క్లాజు చూసి జవాబు రాయమనండి. ముగ్గురిలో ఇద్దరు తప్పు రాస్తే క్లాజు వెనక్కి పోతుంది. ఆర్నెల్ల తర్వాత ఫలితం కొలవడానికి సంతకం తర్వాత వచ్చే వివరణ మెయిళ్ళ సంఖ్య, ఒకే క్లాజు మీద బేరం ఎన్ని విడతలు నడుస్తోంది అన్నవి చూడండి.

పంపేముందు తనిఖీని ఒకే చదువులో ముగించవద్దు. ఒక్కో చదువుకు ఒక్కో పని. మొదటిసారి నిర్వచించిన మాటలు మాత్రమే, ఒక్కొక్కటి వెతికి, వాడారా, ఒకేలా వాడారా అని చూడాలి. తర్వాత క్లాజు నంబర్ల ప్రస్తావనలు, తర్వాత తేదీలు, అంకెలు. ఆపైన ఖాళీ బ్రాకెట్లు, పాత కస్టమరు పేర్లు మిగిలాయేమో. నిర్వచనాలు, నంబర్లు వెతికే చాకిరీకి సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. కృత్రిమ మేధతో డ్రాఫ్ట్ రాయిస్తే చక్కగా చదివించే వాక్యాలు వస్తాయి, తేల్చని ప్రశ్నలు వాటి కిందే దాక్కుంటాయి. అలా వచ్చినదానికి తప్పించుకునే చదువు మరింత గట్టిగా చేయించండి.

ప్రతి టెంప్లేట్‌కూ ఒక బాధ్యుడు ఉండాలి. మార్చే హక్కు ఆ ఒక్కరికే. వెర్షన్ నంబరు, మార్చిన తేదీ, కారణం రాయాలి. పాత సంతకమైన ఫైళ్ళు చదవడానికి మాత్రమే తెరుచుకునేలా పెట్టించండి. కాపీ కొట్టే అలవాటు అక్కడ ఆగుతుంది, చెబితే ఆగదు.

అవతలివాళ్ళ డ్రాఫ్ట్ మీద పనిచేసేటప్పుడు ఈ నియమాలన్నీ రుద్దకండి. వాళ్ళ "షల్"లు, "సదరు"లు దిద్దుతూ పోతే నలభై మార్పుల్లో ముఖ్యమైన నాలుగూ కొట్టుకుపోతాయి, నమ్మకమూ పోతుంది. డబ్బు, గడువు, బయటపడే దారి, నష్టం ఎంతవరకు భరించాలన్న పరిమితి, వీటిలో రెండర్థాలున్నచోటే చేయి పెట్టండి.

సంతకాలైనవాటిని అన్నిటినీ తిరగరాయబోవద్దు. ఒప్పందం మళ్ళీ తెరిస్తే ధర కూడా తెరుచుకుంటుంది. వచ్చే పన్నెండు నెలల్లో గడువు ముగిసేవి, పెద్ద మొత్తాలున్నవి విడదీసి, కొనసాగింపు, చెల్లింపు, రద్దు క్లాజులు మాత్రం చదివించండి. తగాదా ఇంకా రాని క్లాజులో రెండర్థాలు కనపడితే ఇప్పుడే రాయడం సులువు. "క్లాజు 2ను ఇరుపార్టీలూ ఇలా అర్థం చేసుకున్నాయి" అని ఒక పేజీ సవరణ పత్రం తయారుచేసి, అగ్రిమెంట్లో సవరణలకు చెప్పిన పద్ధతిలోనే ఇద్దరిచేతా సంతకం చేయించండి. మెయిల్లో "సరే" అన్నది చాలదు, సవరణలు సంతకంతోనే చెల్లుతాయని చాలా అగ్రిమెంట్లలో క్లాజు ఉంటుంది. ఇప్పటికే తగాదా నడుస్తున్న క్లాజు జోలికి మీ బృందం సొంతంగా పోకూడదు. అర్థం గురించి మీరు పంపే ప్రతి మెయిలూ రేపు సాక్ష్యం కావచ్చు, అక్కడ ముందు లాయరుతో మాట్లాడాలి. మిగతావి గడువు తీరి కొత్తగా రాసేటప్పుడు కొత్త టెంప్లేట్‌లోకి వస్తాయి.